పోతపాలు రాత్రికి ముందే కలిపి ఉంచవచ్చా?

ప్రశ్న: మా పాప నెల ముందుగా పుట్టింది. ఇప్పుడు ఐదు వారాల వయసు. నా పాలు చాలకపోవడంతో వైద్యుల సలహా మీద డబ్బాపాలు కూడా పడుతున్నాము. రాత్రి పదేపదే లేచి కలపలేక, పడుకునే ముందే పాలన్నీ కలిపి ఫ్లాస్కులో వేడిగా ఉంచుతున్నాము. పాప తాగగా మిగిలినవి మరోసారి పడుతున్నాము. చిక్కటి పాలు అరగవని మా అత్తగారు కొలత కంటే నీళ్లు కొంచెం ఎక్కువ పోస్తున్నారు. ఇందులో ప్రమాదం ఏమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. మీరు రాసిన మూడు అలవాట్లనూ ఈ రాత్రి నుంచే మానేయమని కోరుతున్నాను.

సీలు వేసిన డబ్బాలో ఉంది కాబట్టి పాలపొడిలో క్రిములేవీ ఉండవని చాలామంది నమ్ముతారు. నిజానికి పొడిని పూర్తిగా క్రిమిరహితంగా తయారుచేయడం సాధ్యం కావడం లేదు. క్రోనోబ్యాక్టర్, సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా కర్మాగారంలోనో, డబ్బా తెరిచాక ఇంట్లోనో అందులో చేరే అవకాశం ఉంది. పొడిగా ఉన్నంతకాలం అవి పెరగకపోయినా చావకుండా ఉండిపోతాయి. నీరూ వెచ్చదనమూ తగలగానే వేగంగా పెరుగుతాయి. క్రోనోబ్యాక్టర్ జబ్బు అరుదే కానీ, రెండు నెలలు నిండని పిల్లల్లోనూ నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లోనూ అది రక్తానికీ, మెదడు పొరలకూ పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మీ పాపకు ఈ రెండూ వర్తిస్తాయి. కలిపిన పాలను గంటల తరబడి వెచ్చగా ఉంచే ఫ్లాస్కు ఆ క్రిములకు గుడ్లను పొదిగించే పెట్టె వంటిదని గుర్తుంచుకోండి.

ఫ్లాస్కును వదిలేయనక్కరలేదు, అందులో పాలకు బదులు మరిగించిన నీళ్లు పోయండి. నిండా పోసి మూత బిగిస్తే మంచి ఫ్లాస్కులో నీళ్లు కొన్ని గంటలపాటు 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పొడిలోని క్రిములు చావాలంటే కలిపే నీరు కనీసం అంత వేడిగా ఉండాలి. ఫ్లాస్కు లేకపోతే ఒక లీటరు నీటిని తెర్లేదాకా కాచి, దించిన అరగంటలోపే వాడండి. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా కడిగి నీటిలో మునిగేలా ఉడికించిన సీసాలో ముందు నీళ్లు కొలిచి పోసి, ఆ తర్వాతే పొడి వేయాలి. ముందు పొడి వేస్తే నీటి కొలత తప్పుతుంది. మూత పెట్టి కలిపిన వెంటనే సీసాను కుళాయి ధార కింద గానీ, చల్లటి నీళ్ల గిన్నెలో మూత తడవకుండా గానీ ఉంచి చల్లార్చి, మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకుని వేడి చూసుకోండి. నిద్రమత్తులో ఈ పని తొందరగా కానిచ్చేయకండి, చల్లారని పాలు నోరు కాలుస్తాయి.

కలిపిన పాలను రెండు గంటలలోపు వాడేయాలి. తప్పనిసరై ముందుగా కలిపితే వెంటనే చల్లార్చి, ఫ్రిజ్‌లో తలుపు దగ్గర కాకుండా లోపలివైపు 5 డిగ్రీలకు మించకుండా ఉంచి, 24 గంటలలోపు వాడాలి. అయితే మీ పాప విషయంలో ఎప్పటికప్పుడు కలపడమే నాకు ఇష్టం.

పాప తాగి వదిలేసిన పాలలో నోటి క్రిములు చేరి ఉంటాయి గనుక వాటిని ఫ్రిజ్‌లో కూడా దాచకూడదు, పారబోయాలి. పారబోయడానికి మనసొప్పకపోతే ప్రతిసారీ కాస్త తక్కువగా కలపండి.

ఇక నీళ్లు ఎక్కువ పోయడం గురించి మీ అత్తగారికి నా మాటగా నెమ్మదిగా చెప్పండి. ఆవిడ ప్రేమతోనే చేస్తున్నారు, కానీ పసిబిడ్డ మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి పంపలేవు. దానితో రక్తంలో సోడియం పడిపోయి బిడ్డ మగతగా పడి ఉండడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. అంతటి కీడు జరగకపోయినా బిడ్డకు చాలినంత ఆహారం అందక బరువు పెరగదు. బలం కోసమని ఒక చెంచా పొడి ఎక్కువ వేయడం కూడా తప్పే, అది ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. చెంచా పరిమాణం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ డబ్బాలోని చెంచానే, పొడిని అదమకుండా, అంచుకు సమంగా ఉండేలా తలకొలతగా వాడండి.

పాపకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, లేపినా సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రతిసారీ ముందు రొమ్ము పట్టి, ఆ తర్వాతే సీసా ఇవ్వండి.

ప్రశ్న: డబ్బా మీద గోరువెచ్చని నీటితో కలపమని ఉంది. వేడి నీళ్లు పోస్తే పోషకాలు పోవా?

జవాబు: సి విటమిన్ వంటివి కొద్దిగా తగ్గుతాయి. మేలుచేసే బ్యాక్టీరియా కలిపిన రకమైతే అవి కూడా చనిపోతాయి. అయినా రెండు నెలలలోపు పిల్లలకూ, నెలలు నిండని పిల్లలకూ, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న పిల్లలకూ వేడి నీరే క్షేమం. డబ్బాను మీ వైద్యుడికి చూపించి ఈ మాట ప్రత్యేకంగా అడగండి.

ప్రశ్న: తెరిచిన డబ్బాను ఎన్నాళ్లు వాడవచ్చు? ఫ్రిజ్‌లో పెట్టాలా?

జవాబు: పొడి డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చెమ్మ చేరుతుంది. మూత గట్టిగా బిగించి, తడి తగలని చల్లని చోట ఉంచితే చాలు. చాలా రకాలను తెరిచిన నెలలోపు ముగించాలి. తెరిచిన తేదీని మూత మీదే రాసిపెట్టుకోండి.