ఆయిల్ నేనే మార్చుకున్నాను, వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది మధురవాడ. 9 లక్షలు పెట్టి కారు కొన్నాను, 3 ఏళ్ల వారంటీ. ఫ్రీ సర్వీసులు షోరూంలోనే చేయించాను. తర్వాత వాళ్ల బిల్లులు భరించలేక 20 వేలు, 30 వేల కిలోమీటర్లప్పుడు ఆయిల్, ఫిల్టర్ ఇంట్లో నేనే మార్చుకున్నాను. కుటుంబంతో అరసవల్లి వెళ్తుంటే తగరపువలస దగ్గర ఇంజిన్ సీజ్ అయింది. వారంటీ ఇంకా ఉన్నా, సర్వీస్ రికార్డు లేదని జాబ్ కార్డు మీద రాసి తిరస్కరించారు. మేనేజర్ అందరి ముందూ అవమానించాడు, మా ఆవిడ ఏడ్చేసింది. 20 నెలలుగా మెయిళ్లు పెడుతున్నా స్పందన లేదు. కారు వాళ్ల యార్డులోనే ఉంది, ఇంజిన్ విప్పలేదు. తెలిసిన గ్యారేజీ అతను పాత తేదీలతో బిల్లులు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: ముందు ఆ చివరి మాట సంగతి. తీసుకోవద్దు. జీఎస్టీ బిల్లు నంబర్లు వరసలో నడుస్తాయి, రెండేళ్ల కిందటి నంబరు అతను ఇప్పుడెక్కడి నుంచి తెస్తాడు? బిల్లు బుక్కు తెప్పించమని అవతలి లాయరు పిటిషన్ వేస్తే బండారం బయటపడుతుంది. భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీ సెక్షన్ 336, ఫోర్జరీ కాగితాన్ని అసలుదిగా వాడితే 340. ఇంజిన్ కోసం వెళ్లి ముద్దాయిగా నిలబడతారు.

మేనేజర్ అన్న మాటలు, మీ ఆవిడ కన్నీళ్లు కేసును తేల్చవు. నిజానికి ఆయిల్ ఎవరు పోశారన్నదీ తేల్చదు. ఇంజిన్ ఎందుకు పోయిందన్నదే తేల్చేది. మీ జాబ్ కార్డులో రికార్డు లేదని ఉందే తప్ప, ఆయిల్ వల్ల పాడైందని లేదు. మీ బలం అక్కడే. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఆర్డర్‌లో, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయొద్దని, ఆ పని లోపం వల్ల జరిగిన నష్టం వరకే నిరాకరించవచ్చని చెప్పింది. అయితే అది ప్రైవేటు గ్యారేజీల గురించి, పైగా దానిపై అప్పీళ్లకు వెళ్లారు. దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. తయారీ లోపం ఉందని మొదట చూపాల్సింది మీరే.

కాబట్టి ఇంజిన్ విప్పనివ్వకండి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోని ఆయిల్ తీయవద్దని, ఫిల్టర్ పారేయవద్దని, యథాస్థితిలో ఉంచమని డీలర్‌కు, కంపెనీకి ఇవాళే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఆ నలుపెక్కిన ఆయిలే మీకు సాక్షి.

బిల్లులు దాచారో లేదో మీరు రాయలేదు. లేవనే అనుకుంటున్నాను. షోరూం బిల్లు మీద అంత లెక్క చూసిన మనిషి ఆయిల్ డబ్బా బిల్లు పారేయడం ఏమిటండీ? యూపీఐలో కట్టి ఉంటే బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో షాపు పేరు, తేదీ దొరుకుతాయి. ఆన్‌లైన్లో కొంటే ఇన్‌వాయిస్ ఇప్పటికీ దిగుతుంది. అందులోని ఆయిల్ గ్రేడు (చిక్కదనం), ఉదాహరణకు 5డబ్ల్యూ-30, మీ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడేనా చూడండి. ఖాళీ డబ్బా మిగిలి ఉంటే బ్యాచ్ నంబరుతో సహా దాచండి. ఓడోమీటర్ ఫొటోలు ఉంటే, ఎలక్ట్రానిక్ ఆధారాలకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జత చేయండి.

అసలు ప్రమాదం మీరు గమనించనే లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 69 ప్రకారం గడువు 2 ఏళ్లు. తిరస్కరించిన రోజు నుంచి లెక్కేస్తే మీకు మిగిలింది 4 నెలలు. మెయిళ్లు పెడుతూ పోతే గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, జవాబు కోసం చూశానంటే సరైన కారణం కాదు.

కంపెనీ ఎక్కడున్నా మీరు విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, మీ నివాసం ఇక్కడే కాబట్టి. 9 లక్షల కారుకు ఫీజు 200 రూపాయలు. డీలర్‌నూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. ఫిర్యాదుతోపాటే సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్షకు పిటిషన్ వేయండి. ఆ ఖర్చు ముందు మీరే డిపాజిట్ చేయాలి. ఆయిల్ సరైనదేనని, లోపం విడిభాగంలో ఉందని రిపోర్టు వస్తే రాజీకి వాళ్లే వస్తారు. ఆయిల్ గ్రేడు తప్పని వస్తే మాత్రం రిపేరు ఖర్చు సిద్ధం చేసుకోండి.