తిన్న ఇడ్లీ కాళ్లకు శక్తిగా ఎలా మారుతుంది?

విజయవాడలో పొద్దున్నే ఇడ్లీ తిని ఇంద్రకీలాద్రి మెట్లెక్కితే, ఆ ఇడ్లీ శక్తిగా ఎలా మారుతుందని అడిగారు.

ఇడ్లీలోని పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజ్‌గా విడిపోయి రక్తంలో కలుస్తుంది. ఇన్సులిన్ సాయంతో కండరాల్లోకి వెళ్తుంది. మిగిలినదాంట్లో కొంత కాలేయం, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది.

అసలు పని జరిగేది కణంలో. ముందు ఆక్సిజన్ లేకుండానే ఒక గ్లూకోజ్ అణువు పైరువేట్ అనే రెండు చిన్న అణువులుగా చీలుతుంది. ఇదే గ్లైకాలిసిస్. నికరంగా మిగిలేవి 2 ఏటీపీలే. ఏటీపీ అంటే కణం తన పనులకు వాడుకునే శక్తిని మోసే అణువు, కణం చేతిలో ఉండే చిల్లర డబ్బు అనుకోండి. దాన్ని 1929లో కండరాల్లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఆయన పేరు తలవకుండా ఈ పాఠం చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

తర్వాత పైరువేట్ కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలోకి వెళ్తుంది. అక్కడ జరిగే క్రెబ్స్ వలయం అనే వరుస రసాయన చర్యలు పూర్తయ్యేసరికి దాని కార్బన్ అంతా మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. విడిపడిన ఎలక్ట్రాన్లు లోపొరలోని ప్రోటీన్ల మధ్య చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి, అక్కడ నీరు తయారవుతుంది. ఈ క్రమంలో ప్రోటాన్లు, ప్రకాశం బ్యారేజీ వెనక కృష్ణ నీళ్లలా, పొరకు ఒకపక్క పోగవుతాయి. తిరిగొచ్చేటప్పుడు ఒక ఎంజైమును చక్రంలా తిప్పుతాయి. ఎక్కువ ఏటీపీ పుట్టేది అక్కడే. మొత్తం కలిపితే ఒక్క గ్లూకోజ్‌కి సుమారు 30 నుంచి 32.

గబగబా ఎక్కితే ఆక్సిజన్ చాలక కొంత పైరువేట్ లాక్టేట్‌గా మారుతుంది. కాలేయం దాన్ని మళ్లీ గ్లూకోజ్ చేస్తుంది. మర్నాటి కాళ్ల నొప్పులకు మాత్రం కారణం అది కాదు, కండరాల్లో వచ్చే సన్నని చిరుగులు.