గ్రహాంతర మేధస్సు మనిషిని పోలి ఉండాలా?

ఉండనవసరం లేదు. విశాఖ తీరంలో జాలర్ల వలల్లో చిక్కే ఆక్టోపస్‌నే చూడండి. దానికి సుమారు 50 కోట్ల నాడీకణాలుంటాయి. వాటిలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే! ఒక్కో చేయీ కొంతవరకు సొంతంగా వ్యవహరిస్తుంది. మన వంశవృక్షం నుంచి అది విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటింది. అంటే తెలివి భూమి మీదే వేర్వేరు దారుల్లో పుట్టింది. ఇక స్లైమ్ మోల్డ్ అనే జిగురులాంటి ఏకకణ జీవికి మెదడే లేదు. అయినా 2010లో జపాన్ పరిశోధకులు టోక్యో ప్రాంత నగరాల అమరికలో ఆహారం పెడితే, అక్కడి రైలు మార్గాలకు దీటైన వల అల్లింది. దాన్ని మేధస్సు అనాలా అన్నది వేరే చర్చ. నా దృష్టిలో అది తొలి మెట్టు.

అందుకే గురుగ్రహపు ఉపగ్రహం యూరోపా మంచు కింద ఉందని భావిస్తున్న సముద్రంలో, పలుచని పొరలా పరుచుకుని, ఒక్క ఆలోచనకు నెలలు తీసుకునే జీవి ఉండవచ్చన్న ఊహ నాకు అసంగతంగా తోచదు. నీటిలో నిప్పు రాజుకోదు కనుక అది లోహం కరిగించలేదు, రేడియో నిర్మించలేదు. మన యాంటెన్నాలతో మాత్రమే వెతికితే అది దొరకదు.