ఎర్రబడిన వెండి నాణెం

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. అక్కడి పాత సామాన్ల సంతలో 8 యూరోలకు ఒక నాణెం కొన్నాడు. 1621 అనీ, 12 అనీ ఉంది. వెండిదని అమ్మారట, కానీ ఎత్తుగా ఉన్న చోటల్లా రాగిలా ఎర్రగా కనిపిస్తోంది. మోసపోయాడా? చింతపండుతో తోమితే తెల్లబడుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తోమొద్దమ్మా! మిగిలిన కాస్త వెండి పొరా పోతుంది. ఎరుపు చూసి నకిలీ అనుకోనక్కర్లేదు. ఆ ఏడాది అక్కడి టంకశాలలే ఇలాంటివి వదిలాయి. 12 అంటే పన్నెండు క్రాయిట్సర్లు, అంటే అప్పటి చిల్లర లెక్క.

అప్పటి జర్మన్ రాజ్యాలన్నీ ఉన్న పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో, 1566 నాటి చట్టం ప్రకారం పెద్ద నాణెం టాలర్‌లో సుమారు 26 గ్రాముల మేలిమి వెండి ఉండాలి. చిల్లరకూ లెక్క పెట్టారు. కానీ చిన్న నాణెం కొట్టడానికీ పెద్దదానికి పట్టినంత పని పడుతుంది, చట్టం ప్రకారం కొడితే నష్టం. 1618లో ముప్పై ఏళ్ల యుద్ధం మొదలయ్యాక సైన్యానికి జీతాలివ్వాలి. దాంతో పాలకులు చిల్లరలో మరింతగా రాగి పోయడం మొదలుపెట్టారు. మీ అబ్బాయి ఉన్న ప్రాంతాన్ని అప్పుడు ఏలిన డ్యూక్ ఫ్రీడ్రిష్ ఉల్రిష్ హయాంలో పదుల సంఖ్యలో టంకశాలలు వెలిశాయి. రాగి ఎక్కువైన బిళ్లల్ని ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే పులుపు ఉప్పుతో ఉడకబెడితే పైనున్న రాగి కరిగి, తెల్లటి వెండి పొర మిగులుతుంది. చేతులు మారేకొద్దీ అది అరిగి ఎరుపు బయటపడేది. ఇలాంటి చిల్లర మూటలతో దళారులు పక్క రాజ్యాలకు వెళ్లి, మంచి నాణేలు తూచి ఏరుకొచ్చి కరిగించేవారు.

ఆ సామ్రాజ్య చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ కూడా తక్కువ తినలేదు. 1622లో ప్రాగ్ ఉన్న బొహీమియాలోనూ, పక్క ప్రాంతాల్లోనూ టంకశాలల్ని ఒక ముఠాకు గుత్తకిచ్చాడు. సేనాని వాలెన్‌స్టైన్ అందులో భాగస్వామి. అంతకుముందు 19 గుల్డెన్లు (అప్పటి డబ్బు లెక్క) వచ్చే వెండిలోంచి 79 తీశారు.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. టాలర్లు దాచుకున్నవాడికి పెద్దగా నష్టం లేదు, వాటి విలువ పెరిగింది. బడిపంతుళ్లు, పనివాళ్లు, వడ్డీ మీద బతికే వితంతువుల చేతికొచ్చింది మాత్రం ఈ ఎర్ర చిల్లరే. పన్ను కట్టబోతే, కొట్టించిన ప్రభువే వద్దనేవాడు. 1622లో మాగ్డెబుర్గ్‌లో జనం తిరగబడ్డారు, ప్రాణాలు కూడా పోయాయి. మరుసటి ఏడాదికి చాలా రాజ్యాలు పాత ప్రమాణానికి తిరిగొచ్చాయి.

8 యూరోలకు టెన్షన్ పడకండి. నాణేన్ని ఆమ్లం లేని కాగితం కవర్‌లో పెట్టమనండి, పీవీసీ ప్లాస్టిక్ వద్దు. ఇలాంటి వాటిలో చాలావాటి మీద టంకశాల పేరుండదు. చిన్న గుర్తులేమైనా ఉంటే దగ్గరగా ఫొటో తీసి పంపమనండి, చూస్తాను.