అమ్మ రాకపోతే పురుడు ఎలా గడుస్తుంది అని అడిగిన చెల్లికి

చెల్లీ, ఇక్కడ అమెరికాలో పురుడు గురించి నువ్వు మూడు అడిగావు. పాపని కారులో కూర్చోబెట్టే కార్ సీట్ ఎప్పుడు కొనాలి, పాపని ఇన్సూరెన్స్‌లో ఎప్పుడు కలపాలి, డెలివరీ లోపు అమ్మకి వీసా అపాయింట్‌మెంట్ దొరకట్లేదు ఏం చెయ్యాలి అని. మొదటి రెండూ రెండు ముక్కల్లో తేలిపోతాయి. కార్ సీట్ లేకపోతే చాలా హాస్పిటల్స్‌లో పాపని కారులో ఇంటికి పంపరు, కాబట్టి ఎనిమిదో నెలలోనే కొని బిగించి పెట్టుకోండి. ఇన్సూరెన్స్‌కి మామూలుగా 30 రోజులు టైమ్ ఉంటుంది, మీ ఆయన్ని హెచ్ఆర్ వాళ్ళకి ఇప్పుడే ఒక మెయిల్ పెట్టమను. మిగతా రూల్స్ అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వెతుక్కోవడం మీ తరానికి నేను నేర్పక్కర్లేదు. మూడోది వీసా అని రాశావు గానీ నాకు అందులో భయమే కనిపించింది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపికగా చదువు.

మా పాప 2012 జనవరిలో పుట్టింది, మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్క ఊళ్ళో. నేనూ నీలాగే హెచ్4, అంటే మొగుడి ఉద్యోగ వీసా వెనక వచ్చే భార్య వీసా. అప్పటికి హెచ్4 వాళ్ళకి ఉద్యోగం చేసే వీలే లేదు, ఆ ఈఏడీ, అదే ఉద్యోగం చేసుకునే పర్మిట్, 2015లో గానీ రాలేదు, అదీ గ్రీన్‌కార్డ్ లైన్లో కొంచెం ముందుకెళ్ళిన వాళ్ళకే. ఒక్కటే జీతం. అమ్మ తెనాలి నుంచి వస్తానని పాస్‌పోర్ట్ కూడా చేయించుకుంది, నేనే వద్దన్నా. "ఇక్కడ గిన్నెలకి మెషిన్, బట్టలకి మెషిన్, నువ్వొచ్చి ఏం చేస్తావమ్మా, చలికి మోకాళ్ళు పట్టేస్తాయి" అని గొప్పగా చెప్పా. టికెట్ డబ్బులు మిగిలాయని మొగుడూ పెళ్ళాలం సంబరపడ్డాం కూడా. ఆ డబ్బుతో ఏం కొన్నామో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు.

నార్మల్ అయితే రెండు రోజులు, సిజేరియన్ అయితే నాలుగు, ఇక్కడ మామూలుగా అంతే ఉంచుతారు. నాది నార్మల్, మూడో రోజుకి ఇంట్లో ఉన్నా, ఐదో రోజుకి మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాడు. కంపెనీలో 50 మంది ఉండి, చేరి ఏడాది దాటితే తండ్రికి కూడా 12 వారాలు జీతం లేని లీవ్ హక్కుగా ఉంటుంది, ఇంకా ఏవో కండిషన్లున్నాయి చూసుకోండి. మావారిది చిన్న కన్సల్టెన్సీ, అడిగితే ప్రాజెక్ట్ పోతుందని అడగనే లేదు. మీ ఆయన్ని అడగమను, ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం.

ఇక ఆ ఇల్లు. మంచు పడితే రోడ్డు మీద కారు పోయినా చప్పుడుండదు, సాయంత్రం అయిందో లేదో చీకటి. మన దగ్గర బాలింతని ఒక్క పూట ఒంటరిగా వదుల్తారా, ఎవరో ఒకరు వచ్చి ముక్కు తండ్రిది, నుదురు మేనత్తది అని పంచిపెట్టి పోతూ ఉంటారు, అబ్బా ఈ గోల ఎప్పుడు తగ్గుద్దా అనిపిస్తుంది. ఇక్కడ నేను, పాప, హీటర్ చప్పుడు. ఇంకో మాట కూడా చెప్తా, నీకు ఎవరూ చెప్పరు కాబట్టి. మొదటి నెల నాకు పాలు పడ్డాయి గానీ ప్రేమ పడలేదు. పాలిస్తున్నా, డైపర్ మారుస్తున్నా, ఎన్నిసార్లు తడిపిందో నోట్‌బుక్‌లో రాస్తున్నా, కానీ పక్కింటి వాళ్ళు పిల్లని చూస్తూ ఉండమని వదిలేసి ఎటో వెళ్ళినట్టు ఉండేది. నాలో ఏదో లోపం ఉందని ఖాయం చేసేసుకున్నా.

రాత్రి మూడింటికి పాలివ్వడానికి లేచి ల్యాప్‌టాప్‌లో స్కైప్ పెట్టేదాన్ని. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, అమ్మ అన్నం తింటూ ఉండేది. వెనకాల కాకి, వీధిలో అరటిపళ్ళ బండి వాడి కేక. మాట్లాడేదాన్ని కూడా కాదు, అమ్మ చెయ్యి పచ్చడి కలుపుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ ఏడు మన దగ్గర కరెంటు కోతలు కదా, సగంలో స్క్రీన్ నల్లగా అయిపోయి అందులో నా మొహమే కనపడేది. ఎలా ఉన్నావే అంటే మాత్రం "సూపర్ అమ్మా".

డాక్టర్ దగ్గరా అదే యవ్వారం. నెల చెకప్‌లో తల్లికి పది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు, నవ్వు వస్తోందా, ఊరికే కంగారుగా ఉందా, ఏడుపు వస్తోందా, ఇలాంటివి. ఏది టిక్ పెడితే మంచి మార్కులొస్తాయో చూసుకుని ఎంసెట్ రాసినట్టు రాసొచ్చా. నర్సు వెరీ గుడ్ అంది. ర్యాంకు కొట్టినట్టు ఇంటికొచ్చి, బాత్రూంలో ట్యాప్ తిప్పి ఏడ్చా. నువ్వు అలా చెయ్యకు, ఉన్నది ఉన్నట్టు పెట్టు. మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే, అది దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పు. నిజం రాస్తే పిల్లని లాక్కుపోతారని నేను భయపడ్డా, పిచ్చిదాన్ని. ఇప్పుడు తల్లుల కోసమే 1-833-852-6262 అని ఒక నంబర్ ఉంది, 24 గంటలూ పలుకుతారు, ఫ్రీ, మెసేజ్ కూడా పెట్టొచ్చు. మాకు అదీ లేదు.

ఆ చెకప్ అయిన వారానికి అమ్మ పార్సిల్ వచ్చింది. సున్నిపిండి, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, ఒక పొట్లం సాంబ్రాణి. పాపకి తలంటి సాంబ్రాణి పొగ వెయ్యమంది, జలుబు చెయ్యదట. బొగ్గులెక్కడివి, కొబ్బరి చిప్ప స్టవ్ మీద పెట్టి కాల్చా. ఇల్లంతా పొగ, లోపల అలారం మొదలైంది, ఆ కంగారులో పొగ పోతుంది కదా అని కారిడార్ వైపు తలుపు తీశా. అదీ నా ఘనకార్యం. బిల్డింగ్ మొత్తం అలారం మోగింది, ఫైరింజన్ వచ్చింది, అందర్నీ పార్కింగ్‌లోకి తోలారు. బయట మైనస్ 10. నేను నైటీ మీద జాకెట్, చేతిలో రెండు దుప్పట్లలో పాప, దాని జుట్టు ఇంకా తడి.

మూడో ఫ్లోర్‌లో నిజామాబాద్ ఆవిడ ఒకామె ఉండేది. ఒకసారి ఇండియన్ స్టోర్‌లో కనపడి మా ఆయన జీతమెంతో అడిగింది, అప్పట్నుంచి ఏడాది పాటు ఆమె కనపడితే నేను మెట్లు దిగేదాన్ని. ఆ రోజు దగ్గరికొచ్చి గాలి పీల్చి "సాంబ్రాణి ఏసినవా ఏంది?" అంది. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చేసింది, అంత మంది ముందు. ఆమె పాపని తీసుకుని తన జాకెట్ లోపల పెట్టి జిప్ వేసేసింది. "గింత చిన్న పోరిని వట్టుకొని ఒక్కదానివే ఉంటున్నవా, ఒక్క మాట చెప్తే ఏంబోయేది" అని తిట్టింది.

అప్పట్నుంచి వారానికి రెండు సార్లు, వాళ్ళ పిల్లలు స్కూల్‌కెళ్ళాక వచ్చేది. టబ్‌లో పొట్టి ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని, కాళ్ళు బారజాపుకుని, వాటి మీద పాపని పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోసేది. రెండు వారాలు చేసి ఒకరోజు "ఇగ నువ్వే కూసో" అంది. జారిపోతుందేమోనని నాకు వణుకు. బోర్లా పడుకోబెడితే దాని గడ్డం నా చీలమండ దగ్గర ఆనింది, పిడికిళ్ళతో నా కాలి మీద కొడుతూ గుక్కపెట్టి ఏడుస్తోంది. వెన్ను మీద నీళ్ళు పోశా, ఆవిడ చెప్పినట్టు సన్నగా, ధార తెగకుండా. ఏడుపు ఆపి పెద్దవాళ్ళలాగా ఒక నిట్టూర్పు వదిలింది. ఆ నాలుగున్నర కేజీల బరువు మొత్తం నా ముంగాళ్ళ మీద ఉంది, ఆ నిమిషంలోనే ఇది నాది అనిపించింది. ఎనిమిదో వారం అది. నీకు మొదటి రోజే రావచ్చు, నాకులా ఆలస్యంగా రావచ్చు, రాలేదని నోట్‌బుక్‌లో మైనస్ మార్కులు వేసుకోకు.

సాంబ్రాణి మాత్రం వద్దు, ఆ పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదని తర్వాత డాక్టర్ బాగానే గడ్డి పెట్టింది. కాటుకల్లో సీసం ఉండొచ్చు, అదీ వద్దు. ఏడాది దాకా తేనె నాకించొద్దు, ఆరు నెలల దాకా మంచినీళ్ళు పట్టొద్దు, మీ అత్తగారు ఫోన్లో ఏం చెప్పినా సరే అని ఊ కొట్టి ఊరుకో.

అమ్మ సంగతంటావా, వీసా ఎప్పుడొస్తే అప్పుడే రానీ. వచ్చాక మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అందరూ ఏడో నెలకే రప్పించుకుని రెండు నెలలు టీవీ చూపిస్తారు, తీరా పిల్ల కాస్త ముద్దొచ్చే టైమ్‌కి ఆవిడ ఫ్లైట్ ఎక్కేస్తుంది. మూడో నెలలో వచ్చినా నీకు లాభమే. ఈలోపు నీకు తొమ్మిదో నెల పడకముందే మీ అపార్ట్‌మెంట్‌లో మనవాళ్ళెవరున్నారో చూసి వెళ్ళి తలుపు కొట్టు, అలారం మోగేదాకా ఆగకు. మీ ఆయన జీతం అడుగుతారు, అడగనీ. నిజామాబాద్ ఆవిడ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, నేను ఇప్పటికీ చెప్పలేదు.