జాకెట్ తొడిగితే హక్కు వస్తుందా?

ప్రశ్న: మాది విజయనగరం. మా అన్నయ్యకు ఆరేళ్ల క్రితం చూపు పూర్తిగా పోయింది. శిక్షకుడి సాయంతో మా లాబ్రడార్‌కు దారి చూపడం నేర్పిస్తున్నాం. ఆన్‌లైన్‌లో రూ.6,500 పెట్టి ‘ప్రభుత్వ ఆమోదం పొందిన సర్వీస్ డాగ్ కిట్’ కొన్నాం. అందులో జాకెట్, పిడి ఉన్న హార్నెస్ (కుక్క ఒంటికి కట్టే పట్టీలు), కుక్క ఫొటోతో గుర్తింపు కార్డు వచ్చాయి. 12వ రోజున గంటస్తంభం దగ్గర రోడ్డు దాటుతుండగా పిడి ఊడి అన్నయ్య చేతికి వచ్చేసింది. వాడిన వస్తువును వెనక్కి తీసుకునేది లేదని అమ్మకందారు అంటున్నాడు. శ్రీకాకుళంలో ఒక హోటల్‌వాళ్లు ఆ కార్డు చెల్లదంటూ కుక్కను లోపలికి రానివ్వలేదు. ఇప్పుడేం చేయాలి? మళ్లీ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు

జవాబు: అన్నయ్యకు దెబ్బలేమీ తగలలేదు కదా? మీ ఉత్తరం చదవగానే నాకు కలిగిన మొదటి ఆందోళన అదే. చూపులేని మనిషి నడిరోడ్డు మీద నమ్ముకున్న పిడి ఊడిరావడాన్ని తేలికగా తీసుకోకండి.

కార్డు విషయంలో హోటల్‌వాళ్లు చెప్పింది నిజమే. సహాయక కుక్కలకు గుర్తింపు కార్డులిచ్చే ప్రభుత్వ వ్యవస్థ మన దేశంలో లేదు. ఆ కార్డు అమ్మకందారు అచ్చు వేయించుకున్న అట్టముక్క. అయితే మీ అన్నయ్యను గుమ్మంలోనే ఆపడం సరైనదని దానర్థం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 హక్కును మనిషికి ఇచ్చింది, జాకెట్‌కు కాదు. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. అవసరమైన, తగిన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని 2వ సెక్షన్ నిర్వచిస్తోంది. చట్టంలో సహాయక కుక్క అనే మాట ఎక్కడా లేదు కాబట్టి ప్రతి హోటలూ తలుపు తీసి తీరాలని నేను హామీ ఇవ్వలేను. కానీ ఈ నిర్వచనం ఆధారంగా గట్టిగా వాదించవచ్చు, వాదించాలి కూడా. అన్నయ్య జేబులో ఉండవలసినవి యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), కుక్క రేబిస్ టీకా పత్రం, శిక్షకుడు సంతకం చేసిన లేఖ. జరిగినదాన్ని తేదీతో సహా రాసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపండి. విచారణ సమయంలో సాక్షులను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలు ఆయనకు ఉన్నాయి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వండి.

అమ్మకందారు మీద మీ కేసు బలంగా ఉంది. లేని ప్రభుత్వ ఆమోదాన్ని ఉందని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడమూ అంతే. బిల్లులో గడువు లేకపోతే 30 రోజులు లెక్క. మీది 12వ రోజునే ఊడింది. వాడకపోతే లోపం బయటపడేదెలా? ముందుగా ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా నేరుగా విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. డబ్బు వాపసుతో పాటు నడిరోడ్డు మీద పడిన ప్రమాదానికి పరిహారం కూడా అడగండి.

ఇక మళ్లీ కొనడం గురించి. నేను పశువైద్యుణ్ని కాను, కానీ ఇలాంటి కేసుల్లో విరిగిన సామగ్రి చూశాను. డబ్బంతా పిడి, పిడిని పట్టీకి కలిపే బిగింపుల మీద పెట్టండి, జాకెట్ మీద కాదు. పిడి గట్టిగా ఉంటేనే కుక్క పక్కకు తిరిగిన సంగతి చేతికి తెలుస్తుంది. బిగింపులు లోహంతో చేసినవై ఉండాలి. ఛాతీ పట్టీ ముందు కాళ్ల కదలికకు అడ్డుపడకూడదు, పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. కొనేముందు ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. దారి చూపే హార్నెస్ మీద అన్నయ్య బరువు మోపకూడదు, అది ఆసరాకర్ర కాదు. మందపాటి జాకెట్ మన ఉక్కపోతలో కుక్కను వేధిస్తుంది, పలుచని జాలీ గుడ్డ చాలు. కుక్క నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. కాబట్టి మూతికి తొడుగు అవసరమైతే బుట్టలాంటిదే తీసుకోండి. మేకుల మెడపట్టీలు, షాకిచ్చే పట్టీలు ఎవరు సిఫారసు చేసినా వద్దు. జంతువును అనవసరంగా బాధపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. తాడు మాత్రం ఎప్పుడూ చేతిలో ఉండాలి. కుక్క వల్ల ఎవరికైనా ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ కలిగే ప్రమాదం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

లాయరు ఖర్చుకు వెనకాడకండి. వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీ కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆ హార్నెస్‌ను మాత్రం చెప్పులు కుట్టే వారి దగ్గర కుట్టించకండి. ఊడిన పిడిని, పెట్టెను, బిల్లును, ‘ప్రభుత్వ ఆమోదం’ అన్న ప్రకటన స్క్రీన్‌షాట్‌ను ఉన్నవి ఉన్నట్టే దాచండి. కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపితే, అక్కడ చూసేది ఆ ఊడిన చోటునే.