పాత జిప్సీ మైలేజీ లెక్క: మేనకోడలికి ఒక లేఖ

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీ మారుతి జిప్సీ జీపు లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు కూడా ఇవ్వడం లేదనీ, ఇంజిన్ విప్పి చూడాల్సిందేనని మెకానిక్ అంటున్నాడనీ రాశావు. ఇంజిన్ మీద చెయ్యి వేయించే ముందు ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవాలి. రెండు వేల రూపాయల పెట్రోలు ఇన్ని రోజులు వచ్చిందనీ, ముల్లు సగానికి దిగిందనీ వేసే అంచనాను నమ్మి డబ్బు ఖర్చు పెట్టకూడదు.

ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ వరకు లెక్క కట్టడమే సరైన పద్ధతి: ట్యాంకు నింపి రీడింగు రాసుకో, మళ్లీ నింపినప్పుడు మధ్యలో నడిచిన కిలోమీటర్లను అప్పుడు పట్టిన లీటర్లతో భాగించు. నాజిల్ తనంతట తాను ఆగగానే చాలనాలి; బంకు కుర్రాడు బిల్లును గుండ్రని అంకెకు తేవడానికి ఇంకాస్త కొడతానంటే ఒప్పుకోవద్దు. వీలైనంతవరకు ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండి ఒకే వైపుగా నిలిపి పోయించు. నేల వాలు మారితే ట్యాంకులో పట్టే పెట్రోలూ మారుతుంది. అయిదు లీటర్లకే లెక్క వేస్తే అర లీటరు తేడా పదో వంతు తప్పవుతుంది, ముప్పై లీటర్లకు వేస్తే రెండు శాతం లోపే ఉంటుంది. కనుక నలభై లీటర్ల ట్యాంకు బాగా తగ్గాకే నింపు.

నోటుబుక్కులో తేదీ, రీడింగు, లీటర్లతో పాటు ఆ ట్యాంకు ఎక్కడ ఖర్చయిందో కూడా రాయాలి. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో కాలిన పెట్రోలునూ, వికారాబాద్ వైపు వెళ్లి అనంతగిరి మట్టిదారుల్లో కాలిన పెట్రోలునూ ఒకే తక్కెడలో తూచలేం. ఇంకొక మాట. ట్యాంకుల మైలేజీలు కలిపి సగటు తీయవద్దు. 300 కిలోమీటర్లు లీటరుకు 10 చొప్పున, మరో 300 కిలోమీటర్లు 15 చొప్పున నడిస్తే సగటు పన్నెండున్నర కాదు. 600 కిలోమీటర్లకు 50 లీటర్లు అయ్యాయి కనుక పన్నెండే.

ఇక అసలు విషయం నీ టైర్లు. ఫొటోలో 235/75 ఆర్ 15 అని కనిపించింది; అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, అందులో ఎన్నో శాతం టైరు గోడ ఎత్తు, అంగుళాల్లో రిమ్ము వ్యాసం. కంపెనీ ఇచ్చిన సైజు 205/70 ఆర్ 15. పాత టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు, నువ్వు వేయించిన దానిది సుమారు 733. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే బండి ముందుకన్నా దాదాపు పది శాతం ఎక్కువ దూరం పోతుంది, కానీ మీటరుకు ఆ సంగతి తెలియదు. అది 300 కిలోమీటర్లు చూపినప్పుడు నువ్వు నడిపింది దాదాపు 330, కాబట్టి నీ ఎనిమిది నిజానికి ఎనిమిదీ ముప్పావు. టైరు అరుగుదలను బట్టి ఇది కొంచెం మారుతుంది కనుక మీటరు చూపిన దూరాన్ని ఎంతతో హెచ్చిస్తే అసలు దూరం వస్తుందో, ఆ గుణకాన్ని నీ బండికి నువ్వే కనుక్కోవడం మేలు. అవుటర్ రింగ్ రోడ్డు మీద కిలోమీటరు బోర్డులు ఉన్నాయి. పక్కన కూర్చున్నవాళ్లు బోర్డునూ రీడింగునూ కలిపి రాసుకుంటూ ఇరవై కిలోమీటర్లు పోతే సరిపోతుంది. నువ్వు మాత్రం రోడ్డు మీద నుంచి చూపు తిప్పకు, రాసుకోవడానికని బండి ఆపకు. స్పీడోమీటరు కూడా ఆ మేరకు తక్కువే చూపిస్తుందని మరిచిపోకు.

ఆ టైర్లు మీటరును మోసం చేయడంతో ఆగవు. బరువు ఎక్కువ, చక్రం పెద్దదవడంతో ప్రతి గేరూ ఇంజిన్‌కు బరువవుతుంది, సిగ్నల్ దగ్గర ప్రతిసారీ కదిలించడానికి ఇంజిన్ మరింత శ్రమపడాలి. ఊళ్లో తిరగడానికే బండి వాడేవాళ్లకు అంత టైరు అవసరం లేదన్నది నా అభిప్రాయం, నీకు నచ్చకపోవచ్చు.

ఇంజిన్ విప్పకముందు చూడాల్సినవాటిలో నేను మొదట అనుమానించేది థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే కవాటం. ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని మన మెకానిక్‌లు చాలామంది దాన్ని పీకి పక్కన పడేస్తారు. రేడియేటర్ పూడుకుపోయి ఉంటే దాన్ని శుభ్రం చేయించాలి గానీ, థర్మోస్టాట్ పీకేయడం పరిష్కారం కాదు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. నీది ఎంపీఎఫ్ఐ బండి, అంటే కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కన పెట్రోలు చిమ్మే రకం కాబట్టి, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అరగంట నడిపినా టెంపరేచర్ ముల్లు కిందే ఉంటే ఇదే కారణమని అనుమానించు.

రెండవది బ్రేకులు. వెనక డ్రమ్ముల్లోకి మట్టీ బురదా చేరి, హ్యాండ్‌బ్రేకు కేబుల్ పట్టేస్తే చక్రం ఎప్పుడూ కొద్దిగా బ్రేకు వేసినట్టే తిరుగుతుంది. చదునైన రోడ్డు మీద కాసేపు నడిపి, బ్రేకు పెద్దగా వాడకుండా బండి ఆగనిచ్చి, ఒక్కో చక్రం దగ్గరికి చెయ్యి తీసుకువెళ్లు, తాకకు, కాలుతుంది. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే జాకీ ఎత్తి తిప్పి చూడమని చెప్పు.

మట్టిదారి కోసం గాలి 18 పీఎస్ఐకి తగ్గించినప్పుడు తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ కొట్టించాలి. పెట్రోలు దండగ అవడం అటుంచి, అలా వేగంగా పోతే టైరు వేడెక్కి పాడవుతుంది. ఫోర్‌వీల్ అవసరం లేనప్పుడు ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే ఫ్రీవీలింగ్ హబ్‌లు ఫ్రీలో ఉన్నాయో లేదో కూడా చూడు. టాప్ మీది క్యారియర్ అవసరం లేనప్పుడు తీసేయి; డబ్బా ఆకారపు బండికి గాలే పెద్ద శత్రువు, 80 వేగంతో పోలిస్తే 100 వేగంలో గాలి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే.

పెట్రోలు సంగతీ ఉంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుకన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఆ లెక్కన ఇథనాల్ కలవని పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం తగ్గుదల ఏ మెకానిక్ వల్లా తిరిగి రాదు. అయితే పాత రబ్బరు పైపులకు ఇథనాల్ పడదు కనుక, పార్కింగ్‌లో పెట్రోలు వాసన వస్తే పైపులన్నీ వెంటనే మార్పించు. అది మైలేజీకన్నా ముందు నిప్పుకు సంబంధించిన విషయం.

ఒక్క కిలోమీటరు పెరిగితే ఏం మిగులుతుందని అనుకోకు. మైలేజీ 18 నుంచి 19కి పెరిగితే వెయ్యి కిలోమీటర్లకు మూడు లీటర్లే మిగులుతాయి. 8 నుంచి 9కి పెరిగితే దాదాపు పద్నాలుగు. అన్నీ ఒకేసారి చేయించకు, ఒక పని చేయించాక రెండు ట్యాంకులైనా చూసి తర్వాతి దానికి వెళ్లు. ముందుగా ఇప్పుడున్న స్థితిలోనే నాలుగు ట్యాంకుల లెక్క రాసి పంపు. థర్మోస్టాట్ ఉందో లేదో మెకానిక్‌ను ఈలోగా అడిగి ఉంచు. అతను దాటవేస్తే నాకు ఫోను చేసి అతనితో మాట్లాడించు.

ఇట్లు,
మీ మామయ్య